మనీ ప్లాంటా, ఫిలోడెండ్రానా?

తూర్పు గోదావరి జిల్లా కడియం నర్సరీల్లో తమలపాకు తీరు ఆకులున్న తీగలకు కొదవ లేదు. కొనేవాళ్లు అన్నింటినీ మనీ ప్లాంటే అంటారు. అందులో ఫిలోడెండ్రాన్లూ కలిసిపోతాయి.

ఆకు ఆకారం చూసి తేల్చబోతే చిక్కే. కుండీలో అరచేయంత ఉండే మనీ ప్లాంట్ ఆకు, తీగ మామిడి చెట్టెక్కితే అడుగు దాటి పెరుగుతుంది, అంచులూ చీలుతాయి. ఒకే మొక్కకు రెండు రూపాలన్నమాట.

చూడాల్సింది కొత్త ఆకు పుట్టే చోటు. ఫిలోడెండ్రాన్ లేత ఆకు పల్చని తొడుగులోంచి బయటికొస్తుంది. ఆకు విచ్చుకున్నాక ఆ తొడుగు గోధుమ రంగుకు తిరిగి, ఎండి, కొన్నాళ్లు కణుపునే పట్టుకుని ఉండి రాలిపోతుంది. దాన్ని తెగులనుకుని మందు కొట్టనక్కర్లేదు. మనీ ప్లాంట్‌కు ఇలాంటి విడి తొడుగు ఉండదు. చుట్ట చుట్టుకున్న కొత్త ఆకు, పాత ఆకు కాడ ఒరలోంచి వస్తుంది. కాడను వేలితో తడిమితే పైవైపు గాడి తగులుతుంది. మామూలుగా దొరికే తీగ ఫిలోడెండ్రాన్ కాడ దాదాపు గుండ్రం. కణుపు దగ్గర మనీ ప్లాంట్‌కు ఒక లావాటి వేరు, ఫిలోడెండ్రాన్‌కు సన్నని వేళ్ల గుంపు.

పొరబడింది మనమే కాదు. పసిఫిక్‌లోని మోరియా దీవికి చెందిన మనీ ప్లాంట్‌కు 1880లో శాస్త్రవేత్తలు పోథాస్ అని పేరు పెట్టారు. పూత అరుదు కావడంతో వర్గీకరణ అటూ ఇటూ మారింది. 1962లో ఒక మొక్క పూశాక, 1964లో ఎపిప్రెమ్నమ్ ఆరియమ్‌గా స్థిరపడింది. పూత రాకపోవడానికి జిబ్బరెలిన్ హార్మోన్ తయారీకి కావలసిన జన్యువు సరిగా పనిచేయకపోవడమే కారణమని 2016లో తేలింది. అమెరికా ఖండపు ఉష్ణమండల అడవుల్లో పుట్టిన ఫిలోడెండ్రాన్లలోనూ మార్పులు ఆగలేదు: తోటల్లో పెంచే, ఆకులు లోతుగా చీలిన సెల్లోమ్‌ను 2018లో థామటోఫిల్లమ్ అనే వేరే ప్రజాతిలోకి చేర్చారు. ఆకులో చిల్లులుండే మాన్‌స్టెరాను ఇప్పటికీ ఫిలోడెండ్రాన్ పేరుతో అమ్మేవాళ్లున్నారు.

పేరు కన్నా ధరతో వచ్చే మోసం పెద్దది. పింక్ కాంగో అనే ఫిలోడెండ్రాన్ రకంలో గులాబి ఆకులు రసాయన ప్రక్రియతో తెప్పించినవి. కొన్ని నెలలకు కొత్త ఆకులు పచ్చగానే వస్తాయి. తెల్ల మచ్చలున్న జన్యుపరమైన రకాలు వేరు.

ఇవన్నీ చేమ, కంద కుటుంబానివే. చేమాకు కోస్తే చేతులు దురద పెట్టినట్టే వీటి రసంతోనూ పెడతాయి. ఆకుల్లోని కాల్షియం ఆక్సలేట్ సూదులే అందుకు కారణం. నమిలితే నోరు మండి వాస్తుంది. పాకే పిల్లలు, పిల్లులు ఉన్న ఇంట్లో కుండీని ఎత్తులో వేలాడదీయాలి, కొమ్మలు కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి.