బిడ్డల బంతియాట – తల్లులు తెలిసికొనవలసిన సంగతులు

అమెరికాలో కాపురముండు మన యాడపడుచులకు శనివారము ఉదయమున ఫోను చేసినచో చాలమంది పలుకరు. ఆ వేళ వారు మైదానపు అంచున మడతకుర్చీ వేసికొని బిడ్డల యాటను చూచుచుందురు. కూతురి యొద్దనో కొడుకు యొద్దనో ఆరునెలలుండి తిరిగివచ్చిన పెద్దలు సయితము ఈ సంగతి వర్ణించి చెప్పుచుందురు: చలిలో శాలువ కప్పుకొని నిలుచుంటిమి, మనుమరాలు బంతివెంట పరుగెత్తినది, ఎవరు గెలిచిరో మాకు తెలియలేదు అని. మనము ఫుట్‌బాలనెడి యాటనే ఆ దేశమువారు సాకరందురు. వారి ఫుట్‌బాలు వేరు. అందు బంతి చేతులలోనే యెక్కువగా నుండును.

బిడ్డను ఈ యాటకు పంపదలచిన తల్లి మొట్టమొదట గ్రహింపవలసిన భేదమొకటి కలదు. అచ్చట పిల్లల సాకరు ముఖ్యముగా రెండు తెగలు. ఒకటి వినోదపు లీగు. పేరు వ్రాయించి రుసుము చెల్లించిన బిడ్డలను, చోటున్నంతవరకు, పరీక్ష లేకయే చేర్చుకొందురు. వారమునకు ఒకటి రెండు సాయంకాలములు అభ్యాసము, వారాంతమున ఒక యాట, అంతటితో సరి. శిక్షకులు సాధారణముగా జట్టులోని యే బిడ్డకో తల్లియో తండ్రియో, జీతము పుచ్చుకొనరు. రెండవది క్లబ్బు జట్టు. అందు పరీక్షించి పిల్లలను ఏరుదురు, జీతపు శిక్షకులుందురు, పొరుగూళ్లకు, ఒక్కొక్కప్పుడు పొరుగు రాష్ట్రములకు ప్రయాణములు తప్పవు. మొదటిదానికి ఒక్కొక్క ఋతువునకు వంద రెండువందల డాలర్లు చాలునట్టి చోట్లు పెక్కు. రెండవదానికి ఏడాదికి వేలు కావలసివచ్చును.

మనవారిలో పలువురు వినోదపు లీగును క్లబ్బునకు మెట్టుగా మాత్రమే యెంచి, బిడ్డకు ఎనిమిదేండ్లు నిండకమునుపే "ఇక పైదానికి ఎప్పుడు?" అని తొందరపడుచున్నారు. ఈ తొందర నాకు సరిగా తోచదు. గణితపు పోటీ, స్పెల్లింగు పోటీ, సంగీతము, నాట్యము – మన బిడ్డల వారమంతయు కొలతలలోనే గడచుచుండును. ఏ కొలతయు లేక పరుగెత్తి, పడి, లేచి, నవ్వు గంట యొకటి వారములో మిగిలియున్నచో దానిని గూడ పరీక్షగా మార్చుట యెందులకు?

వినోదపు లీగు అల్పుల కొరకు ఏర్పడినదని యనుకొనుట గూడ తప్పు. అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్ అను సంస్థ 1964వ సంవత్సరమున కాలిఫోర్నియాలోని టారెన్సు పట్టణమున తొమ్మిది జట్లతో ప్రారంభమైనది. అందరును ఆడవలెననునది దాని మూలసూత్రము. ఎంత నేర్పులేని బిడ్డయైనను ప్రతి యాటలోను కనీసము సగము కాలము మైదానములో నుండవలెను. ఏటేట జట్లను కలిపి మరల విభజించి సమబలముగా నుండునట్లు చూతురు. 1971లో ఆ సంస్థ ఆడపిల్లలకును జట్లు పెట్టినది. మరుసటి యేడు, అనగా 1972లో, ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో స్త్రీపురుష భేదము చూపరాదని ఆ దేశపు చట్టమొకటి వెలువడినది. ఈ రెంటి ఫలము 1999 జూలైలో పాసడీనా పట్టణమున కన్నులకు కట్టినది. మహిళల ప్రపంచకప్పు అంత్యపోటీ చూచుటకు నాడు 90,185 మంది వచ్చిరి. తరువాతి కాలమున 2015, 2019 సంవత్సరములలో ఆ కప్పు గెలిచిన అమెరికా జట్టులోని అలెక్స్ మోర్గన్ ఇట్టి వినోదపు లీగులో పెరిగినదే. పదునాలుగేండ్లు వచ్చిన పిమ్మటగాని ఆమె క్లబ్బు జట్టులో చేరలేదు. ఎనిమిదేండ్ల బిడ్డ విషయమై తొందరపడు తల్లిదండ్రులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను.

ఇది పరదేశపు ఆట, మనకెందులకని పెద్దలనవచ్చును. హైదరాబాదు బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణలో భారత జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలయందు స్వర్ణపతకము గెలిచినది. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సునందు నాలుగవ స్థానము పొందినది. నిజామాబాదు జిల్లానుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారత మహిళల జట్టులో ఆడినది. మనకు క్రొత్తది ఆట కాదు. శనివారపు లీగు పద్ధతి మాత్రమే.

ఆ పద్ధతి వయస్సును బట్టి మారుచుండును. 2017 మొదలుకొని అమెరికా సాకరు సమాఖ్య చిన్నపిల్లలకు చిన్న జట్లు విధించినది. ఎనిమిదేండ్లలోపు వారు ఒక్కొక్క ప్రక్క నలుగురే ఆడుదురు. గోలు కాచువాడు ఉండడు, ఆఫ్‌సైడు నియమముండదు. తొమ్మిది, పది యేండ్లవారు ఏడుగురేసి, పండ్రెండేండ్ల వరకు తొమ్మిదిమందేసి, ఆపైన పదునొకండుగురేసి ఆడుదురు. బంతియు మొదట 3వ సైజు, తొమ్మిదేండ్లనుండి 4వ సైజు, పదుమూడు వచ్చిన పిమ్మట 5వ సైజు. జట్టు చిన్నదైనచో ప్రతి బిడ్డకును బంతి మాటిమాటికి అందును. అందుకే ఈ యేర్పాటు. అయిదారేండ్లవారు ఎంత చెప్పినను తేనెటీగలవలె బంతిచుట్టు మూగుదురు. ఇది ఆ వయస్సుయొక్క ధర్మము, శిక్షకుని లోపము కాదు. చిన్న తరగతులలో పెక్కు లీగులు గోళ్ల లెక్కను వ్రాసిపెట్టవు. పిల్లలకు మాత్రము లెక్క తెలియును; అయిస్ ముక్కలు చప్పరించునంతలో మరచిపోదురు. మరువలేనివారము మనమే.

వయస్సు లెక్కలో మార్పొకటి వచ్చినది. కొంతకాలముగా జనవరినుండి డిసెంబరు వరకు పుట్టినవారిని ఒక తరగతిగా చేర్చుచుండిరి. 2026-27 క్రీడాకాలము మొదలుకొని ఆగస్టు 1వ తేదీనుండి జూలై 31 వరకు లెక్కించుటకు ప్రధాన సంస్థలు 2025లో నిశ్చయించినవి. బడిలో ఒకే తరగతిలో నున్న స్నేహితులు ఆటలో విడిపోకుండుటకు ఇది తోడ్పడును. ఏ లెక్కయందైనను చివరి నెలలలో పుట్టిన బిడ్డ తన జట్టులో చిన్నదగును. ఆరేండ్ల ప్రాయమున పదినెలల తేడా సామాన్యము కాదు. అట్టి బిడ్డ వెనుకబడినచో నేర్పు లేదని తీర్మానింపరాదు.

ఇక దేహరక్షణ. బూట్లు ఇరుకుగా నుండరాదు. మోకాటి క్రింది యెముకను కాచు షిన్ గార్డులు లేనిదే రిఫరీ ఆడనీయడు. మేజోడు వానిపై రావలెను. చెవిపోగులు, గాజులు, మెడలోని గొలుసు ఇంటివద్దనే తీసివేయుట మేలు. క్రొత్తగా చెవులు కుట్టించిన పాపను ఆ ఋతువులో చేర్చినచో చిక్కు వచ్చును; పోగులపై పట్టీ అంటించినను పెక్కుచోట్ల ఒప్పుకొనరు. కాబట్టి చెవులు కుట్టు ముహూర్తమును ఆటలు ముగిసిన పిమ్మట పెట్టుకొనవలెను. మరియొక సంగతి చాలమంది ఎరుగరు: కదలించుటకు వీలైన గోలుకంబములను నేలలో గట్టిగా దిగగొట్టనిచో అవి బోర్లపడి బిడ్డల ప్రాణములు తీసిన సందర్భములు కలవు. వానిపై ఏ బిడ్డయు ఊగకుండ చూచుట అచ్చటనున్న ప్రతి తల్లియొక్క పని.

తల దెబ్బ విషయము మరింత ముఖ్యము. పదియేండ్లు, అంతకు తక్కువ వయస్సు గలవారు తలతో బంతిని కొట్టరాదని సమాఖ్య 2015లో నిషేధించినది. పదునొకండునుండి పదుమూడేండ్ల వారికి అభ్యాసములో దానికి మితి పెట్టినది. తల్లిదండ్రులు కొందరు న్యాయస్థానమునకెక్కిన ఫలితముగా ఈ నియమము వచ్చినది. బిడ్డ పడి తల తగిలిన పిమ్మట తలనొప్పియనుట, వికారము, వెలుగు చూడలేకపోవుట, అడిగినదే అడుగుట, మాటలో మందగింపు – వీనిలో ఏది కనబడినను ఆనాటికి ఆట ముగిసినదే. వైద్యుడు సరేయనువరకు మరల పంపరాదు. "ఏమియు కాలేదు, ఆడగలను" అని బిడ్డయే పట్టుపట్టును. ఆ మాట వినకూడదు. వాంతులు మరల మరల వచ్చినను, మగతగా పడియున్నను వెంటనే ఆస్పత్రికి కొనిపోవలెను.

పండ్రెండు, పదుమూడేండ్ల ఆడపిల్లకు మోకాటిలోని బంధనము తెగు అపాయము ఆ యీడు మగపిల్లలకంటె హెచ్చు. ఇరువది నిమిషముల సన్నాహ వ్యాయామమును వారమునకు రెండుమారులు చేయించినచో ఈ గాయములు తగ్గునని పరిశోధనలు తెలిపినవి. ఫీఫా వారు 11 ప్లస్ అను పేర దీనిని సిద్ధపరచిరి. ఖర్చు లేదు, పరికరములు దాదాపు అక్కరలేదు. మీ శిక్షకునితో ఆ మాట మర్యాదగా ప్రస్తావించి చూడుడు. ఆ వయస్సుననే పెక్కుమంది పిల్లలు ఆట మానివేయుదురు. ఋతుస్రావమునాడు తెల్ల లాగుతో మైదానములోనికి వెళ్లుటకు సిగ్గుపడి మానిన పిల్ల నిజకారణము చెప్పదు. "నాకు విసుగు పుట్టినది" అనును. నల్ల లాగు నడుగుట తల్లి చేయగల పని. నోరు తెరచి అడిగినచో కాదనువారు తక్కువ.

మైదానపు అంచున మన నడవడియే ఈ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచినది. శిక్షకుడు "వెనుకకు రా" అనును, తండ్రి "కొట్టు, కొట్టు" అనును, తల్లి "జాగ్రత్త" అనును. బిడ్డ ముగ్గురి ముఖములును చూచును. ఆలోపల బంతి పోవును. తెలుగున కేకవేసినచో ఎవరికిని తెలియదని మనము ధైర్యపడుదుము. తెలియవలసిన బిడ్డకు చక్కగా తెలియును, పదిమందిలో తల వంచుకొనును. ఈ బాధకు విరుగుడుగా కొన్ని లీగులు మౌన శనివారము జరుపుచున్నవి; ఆనాడు పెద్దలెవ్వరును పలుకరాదు, చప్పట్లు మాత్రమే. ఆ రోజున పిల్లలు తమలో తాము పిలుచుకొని ఆడుకొందురు. ఇక ఈల పట్టిన రిఫరీ పలుచోట్ల పదునాలుగు పదునైదేండ్ల బాలుడో బాలికయో. ఆమెపై కేకలు వేయుటకు ముందు ఆమెయు ఒక తల్లి బిడ్డయే యని చూడవలెను. పెద్దల నోటికి జడిసి రిఫరీలు మానివేయుటచేత ఆటలే నిలిచిపోయిన ఊళ్లున్నవి.

తిరిగివచ్చు కారులో మరియొక పరీక్ష జరుగుచుండును. "ఆ గోలు ఏల తప్పినది? నీవేల నిలుచుంటివి?" అని యిల్లు చేరువరకు విచారణ. బిడ్డకు బంతి తప్పినందుకంటె ఈ యిరువది నిమిషములే యెక్కువ భయము. ఆకలియగుచున్నదా యని యడిగి ఊరకొనుట మేలు. చెప్పవలసినది బిడ్డయే చెప్పును, ఒకప్పుడు రాత్రి పడుకొనబోవు వేళ.

"ఇక వెళ్లను" అని బిడ్డ యన్ననాడేమి చేయవలెను? బుజ్జగించుటకును కోపించుటకును ముందు కారణము వెదకవలెను. బూటు కరచుచుండవచ్చును, ఎవరును బంతి వేయకపోవచ్చును, జట్టులో మాటాడు స్నేహితురాలు లేకపోవచ్చును. ఇట్టివైనచో, నలుగురితో కలిసి చేపట్టిన పని గనుక ఆ ఋతువు ముగియువరకు వెళ్లి, ఆ పిమ్మట మానవచ్చునని చెప్పుట న్యాయము. శిక్షకుడు అవమానించుచున్నాడనియో, ఒంటరిగా నిలుపుకొనుచున్నాడనియో వినబడినచో ఆ క్షణముననే పంపుట మానవలెను. పిల్లలపై అత్యాచారము జరిగినదని అనుమానము గలిగినచో క్రీడాసంస్థల పెద్దలు ఇరువదినాలుగు గంటలలో అధికారులకు తెలుపవలెనని 2018లో చట్టమైనది. స్వచ్ఛందముగా వచ్చు శిక్షకుల పూర్వచరిత్రను లీగు విచారించినదా, అభ్యాసమున ఇద్దరు పెద్దలుందురా యని పేరు వ్రాయించునాడే అడుగవలెను. ఇందు మొగమోటమి పనికిరాదు.

పేరులు ఆకురాలు కాలపు ఆటలకు వేసవికి ముందే నిండిపోవును. శిక్షకులు దొరకక కొందరు పిల్లలు జాబితాలో మిగిలిపోవుదురు. ఆట తెలియనివారికిని లీగువారే కొన్ని గంటల శిక్షణ యిత్తురు గనుక తల్లులు ముందుకు రావచ్చును. 1996 ఎన్నికలలో పత్రికలు సాకర్ మామ్ అను పేరు పెట్టి కారు నడుపు తల్లిని ప్రసిద్ధికెక్కించినవి. ఈలపట్టిన తల్లికి ఇంకను పేరు పెట్టలేదు. అంతటి తీరిక లేనివారు ఫలహారపు వంతుకైనను పేరు వ్రాయింపవచ్చును. దానికి ముందు వేరుసెనగ పడని బిడ్డలెవరో తెలిసికొనుడు. శాకాహారపు ఇండ్లవారు అంగట దొరకు పండ్ల మిఠాయిలలో జెలటిను కలదేమో చీటీ చదువవలెను; అది జంతువుల యెముకలనుండి, చర్మమునుండి తీయుదురు. కమలాపండ్లు నాలుగేసి బద్దలుగా కోసి డబ్బాలో పెట్టి తీసికొనిపోయినచో ఏ చిక్కును లేదు. పదిమంది పిల్లలకు ఎనిమిది పండ్లు చాలును.