పైతొక్క చెప్పని విత్తు

సంధ్య వాలి, వీథిదీపములింకను వెలుగని వేళ కృష్ణలంకలో నొక మిత్రుని పంచలో కూర్చుండియుండగా, అయిదేండ్లుగా ఆ యింటి గుమ్మములన్నింటి నెఱిగిన వారి లాబ్రడార్ కుక్క, నడవలో ఆనాడే వాలుగా వేసిన నులకమంచపు కోడునకు ముట్టె కొట్టుకొని, క్షణము నిలిచి, ముందరికాలితో నేల తడవి చూచుకొని గాని రెండవ యడుగు వేయలేదు. మధ్యాహ్నపుటెండలో అదే కుక్క విసరిన బంతిని గాలిలోనే యందుకొనుట నేను చూచితిని. దీపము వెలిగినంతట దాని కన్నులు రెండును అద్దపుబిళ్లలవలె తళుక్కుమనెను. “వయసు మీద పడుతోందండీ” అని మిత్రుడు నవ్వివేసెను. అయిదేండ్ల కుక్కకు వయసేమి!

కొన్నాళ్లకు పశువైద్యుడు కనుపాప విప్పారు చుక్కలు వేసి, లోపలికి వెలుగు పంపి చూచి చెప్పినది వేఱు. కంటి వెనుకటి పొరయగు రెటీనా కొంచెము కొంచెముగా క్షీణించిపోవుచున్నది. నొప్పి లేదు, ఎఱుపు లేదు, పుసి లేదు. మసకవెలుతురులో చూపునిచ్చు కణములు ముందు నశించుటచే రేచీకటి వచ్చును. పగటి చూపునిచ్చునవి పిదప నశించును. రెటీనా పలుచబడిన కొలది, దాని వెనుక కుక్కలకు సహజముగానుండు మెఱుపుపొర మఱింత ప్రకాశించును గనుక, కన్ను చెడుచున్నకొలది తళుకు హెచ్చుననుట యీ వ్యాధిలోని క్రూరపరిహాసము. ముక్కును, చెవులును, ఇంటి జ్ఞాపకమును దానికి సాయపడుటచే, ఎవరో మంచము జరిపినదాక ఇంటివారికి సంగతియే తెలియదు. పోయిన చూపు మఱల రాదు.

మిత్రుని నిజముగా నొప్పించినది మఱియొకటి: ఈ వ్యాధి తల్లిదండ్రులనుండి వచ్చునదట. పిల్లను కొన్ననాడు తల్లిని, తండ్రిని కన్నులార చూచియుండెను, రెండును నిగనిగలాడుచుండెను, మూడుతరముల వంశవృక్షము ముద్రతోసహా చేతికి వచ్చెను. విత్తొకటి నాటిన చెట్టొకటి మొలచునా యని మన పెద్దలనుమాట నిజమే గాని, విత్తులో నేమేమి దాగియున్నదో పైతొక్క చెప్పదు. ప్రతి జన్యువును జంటగా నుండును, తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి. ఈ వ్యాధి విషయమున జంటలో నొకటి చెడినను రెండవది పని నెట్టుకొనివచ్చును గనుక, అట్టి కుక్క చచ్చువఱకు చక్కగా చూచును. దానిని వాహకమందురు. రెండు వాహకములకు క్రాసింగు చేయించిననాడు మాత్రము ప్రతి పిల్లకును నాలుగింట నొకపాలు అంధత్వపు గండము, నాలుగింట రెండుపాలు తల్లిదండ్రులవలె దాచుకొను యోగము. ఒక యీతలో ఎనిమిదింటికి ఎనిమిదియు దృష్టి గలవై పుట్టవచ్చును. అమ్మకందారు తన వంశము నిర్దోషమని నమ్ముటకు అది చాలును.

పూర్వము వాహకమును కనిపెట్టుటకున్న మార్గ మొక్కటే: అనుమానమున్న కుక్కను గ్రుడ్డికుక్కతో కట్టి, పుట్టిన పిల్లలు గ్రుడ్డివగునో కావో యని కాచుకొనియుండుట. ఇంగ్లండులో ఐరిష్ సెట్టర్ జాతివారు అట్లే చేసిరి. ఆ జాతిలోని లోపము 1993 లో జన్యువునందు పట్టుబడెను. లాబ్రడార్, పూడిల్, కాకర్ స్పానియెల్ మున్నగు పెక్కు జాతులను పీడించు వేఱొక లోపము 2006 లో దొరకెను. పి.ఆర్.సి.డి. యను ఆ జన్యువులో ఒక్క యక్షరము తాఱుమారగుటయే సర్వానర్థమునకు మూలము. అదే యక్షరదోషము బంగ్లాదేశమునకు చెందిన ఒక మానవరోగియందును కనబడినది!

నేడు గ్రుడ్డిపిల్లలకై కాచుకొననక్కఱలేదు. చెంప లోపలిభాగమును దూదిపుల్లతో రుద్దియో, రెండుబొట్ల రక్తము తీసియో ప్రయోగశాలకు పంపిన, నిర్దోషి, వాహకము, రోగి యను మూడుమాటలలో నొకటి వచ్చును. వాహకమని తేలిన కుక్కను సంతానమునకు పనికిరానిదని త్రోసివేయుట అవివేకము. నిర్దోషితో జతపఱచిన దాని పిల్లలలో నొకటియు ఈ లోపముచే గ్రుడ్డిది కాదు, మంచిగుణములును నిలుచును. బహుమతులు గెలిచిన యొక్క మగకుక్కకే ఊరిలోని ఆడుకుక్కలన్నింటిని తోలుకొనిపోవుటయే అసలు ప్రమాదము. పిమ్మట దాని బిడ్డలు సవతితోబుట్టువులై తమలో తాము జతపడును.

ఇచ్చట మన కృష్ణాడెల్టావారు ఒక లెక్క వినవలెను. సవతితోబుట్టువులగు కుక్కల పిల్లకు, ఒకే పూర్వజునినుండి ఒకే జన్యువు రెండువైపులనుండియు వచ్చు అవకాశము ఎనిమిదింట నొకటి. మేనమామ మేనకోడలిని పెండ్లాడిన కలుగు బిడ్డకును సరిగా అంతే. మేనత్త మేనమామ బిడ్డల పెండ్లిలో పదునాఱింట నొకటి. 1955 నాటి హిందూవివాహచట్టము ఆచారమున్నచోట వీనిని నిషేధింపలేదు, నేనును మేనరికమును నిందించుటకు కలము పట్టలేదు. కుక్కల విషయమున ముక్కు విఱచుకొనువారు తమ యింటి వంశవృక్షమునుకూడ ఒక్కసారి తిరుగవేయుదురుగాక యని మాత్రమే నా మనవి. తాడిగడపలో 2011 నుండి నడచుచున్న ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, అందు చూపులోపము కనబడినవారికి దూరము కాదు. దానికి మాతృసంస్థను 1987 లో హైదరాబాదున నెలకొల్పిన గుల్లపల్లి నాగేశ్వరరావుగారు ఈ కృష్ణాజిల్లా బిడ్డయే.

కుక్క మనకు తిరిగి యిచ్చినదియు కలదు. బ్రియార్డ్ జాతి సంబంధమున పుట్టుకతోనే చూపులేని లాన్సెలాట్ అను కుక్కకంటిలో మంచి జన్యువును ప్రవేశపెట్టి అమెరికా శాస్త్రజ్ఞులు చూపు తెప్పించిన వార్త 2001 లో వెలువడెను. ఆ మార్గముననే మనుష్యులకైన చికిత్స 2017 లో అచ్చట అనుమతి పొందెను. అది ఒకే జన్యులోపమునకు మందు గాని, మా మిత్రుని కుక్కకు కాదు.

పరీక్షకును హద్దు కలదు. ఒక లోపము లేదన్న కాగితము తక్కిన లోపములును లేవని చెప్పదు. కావున సంతానమునకుంచిన కుక్క కన్నులను ఏటేట వైద్యునిచేత చూపింపవలసినదే. గన్నవరమున పశువైద్యకళాశాలయే యున్నది. పిల్లను కొనబోవువారు ముచ్చటపడి ఒడిలోనికి తీసికొనకమునుపే, తల్లిదండ్రు లిరువురి జన్యుపరీక్షల కాగితములను అడుగుడు. ఒడిలోనికి వచ్చిన పిదప ఎవ్వరును అడుగలేరు. మా మిత్రుడును అడుగలేదు.