370 రోజులు మూసిన తలుపు

అంగారకుడి దాకా వెళ్లి రావాలంటే రెండున్నర, మూడేళ్లు. మనిషికి రోజుకు సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. మూడేళ్లకు లెక్కేస్తే తలా 900 కిలోల పైమాటే. తిండి, నీళ్లు వేరే. ఇంత మూట కట్టుకుని ఎవరూ బయలుదేరలేరు. వాడిందే మళ్లీ వాడుకోవాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1972లోనే సోవియట్ శాస్త్రవేత్తలు సైబీరియాలో బయోస్-3 అనే మూసిన ఆవాసం కట్టారు. బీజింగ్‌లోని బైహాంగ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ లియు హాంగ్ బృందం కట్టిన యుయెగాంగ్-1 అదే బాటలో పుట్టింది. పేరుకు చంద్రభవనం, ఉన్నది మాత్రం 160 చదరపు మీటర్లే. అందులోనూ ఎక్కువ చోటు మొక్కలదే. 2014లో ముగ్గురు అందులో 105 రోజులున్నారు. 2017 మే 10న అసలు పరీక్ష మొదలైంది. ఎనిమిది మంది విద్యార్థులు నలుగురేసి చొప్పున వంతులు మారుతూ 370 రోజులు నడిపారు. రెండో జట్టు ఏకబిగిన 200 రోజులు లోపలే ఉంది.

గోధుమ వాళ్లే విత్తాలి, వాళ్లే కోయాలి, దంచాలి, పిండి చేసుకోవాలి. అంతా ఒకేసారి విత్తితే ఒకేసారి కోతకొస్తుంది. పచ్చదనం ఒక్కసారిగా తగ్గి గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోతుంది. అందుకే విడతలుగా విత్తుకోవాలి. మూత్రం శుద్ధయి మొక్కలకు చేరుతుంది. మొక్కల్లో మనం తినని భాగాలు పిండిపురుగులకు మేత. ఆ పురుగులే మాంసకృత్తుల కోసం మనుషులకు తిండి! మొదటి ముద్ద మింగడానికి ఎంత ధైర్యం కావాలో ఊహించుకోవాల్సిందే.

ఈ యంత్రంలో మనిషి కూడా ఒక భాగమే. జట్టు మారితే పీల్చే, వదిలే గాలి లెక్క మారుతుంది, దాన్ని మళ్లీ సర్దాలి. ఎలా తట్టుకుంటారో చూద్దామని మధ్యలో కావాలనే కరెంటు తీసేశారు. చీకట్లో మొక్కలు ఆక్సిజన్ ఇవ్వవు సరికదా, మనతో పాటు కార్బన్ డయాక్సైడే వదులుతాయి.

2018 మే 15న తలుపు తెరిచేసరికి, లోపల అవసరమైన పదార్థాల్లో 98 శాతం మళ్లీ వాడుకున్నవేనని తేలింది. మెచ్చుకోవాల్సిందే. కానీ దీపాలకు కరెంటు బయటి నుంచే వచ్చింది. చంద్రుడి మీద ఒక రాత్రి మన లెక్కలో సుమారు 14 రోజులు. అన్నాళ్లు ఆ గోధుమకు వెలుగివ్వగల విద్యుత్తు తోడయ్యేదాకా ఇది సగం యంత్రమే.