ఇది మరీ టూమచ్ డాక్టర్!

సీరియల్ బ్రహ్మాండంగా నడుస్తోంది. హీరోకేమో ఒంట్లో బాగుండటం లేదు. డైలాగులు గుర్తుండటం లేదు. అప్పుడేం చేస్తారు? మన టీవీ సీరియలైతే పెద్దగా ఆలోచించక్కర్లేదు. సోమవారం నుంచి ఆ పాత్రలో మరో నటుడు వచ్చేస్తాడు. తెర కింద అతని పేరుతో ఓ లైను వెళుతుంది. రెండ్రోజులు గొణుక్కుని మనమూ సర్దుకుపోతాం.

1966లో లండన్‌లోని బీబీసీ వాళ్లకూ సరిగ్గా ఈ కష్టమే వచ్చిపడింది. వాళ్లు మార్పుని ఏకంగా కథలోకే తెచ్చేశారు. ఆ ఏడాది అక్టోబరు 29న వచ్చిన ఎపిసోడ్ చివర్లో ముసలి హీరో నేలమీద కూలిపోయాడు. మొహమంతా వెలుగు కమ్ముకుంది. ఆ వెలుగు తగ్గేసరికి అక్కడ మరో మనిషి ఉన్నాడు! వయసు వేరు, మొహం వేరు, తర్వాత తెలిసిందేమంటే... బుద్ధులూ వేరే. అయినా ‘ఆయనే ఈయన’ అన్నారు. ‘మా హీరో మనిషి కాడు, వేరే లోకం వాడు, వాళ్ల శరీరాలే అంత’ అని నచ్చజెప్పారు.

చూసేవాళ్లు నమ్మారు. ఎంతగా నమ్మారంటే, ఆ ఒక్క కిటుకు పుణ్యమా అని మధ్యలో ఆగినా మళ్లీ లేచి, ఆ సీరియల్ 2023 నవంబరులో షష్టిపూర్తి చేసుకుంది. దాని పేరు ‘డాక్టర్ హూ’. ‘డాక్టర్ ఎవరు?’ అని అర్థం. ఆ ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పకుండా నెట్టుకురావడమే దాని బతుకు. 2020లో ఆ జవాబు చెప్పబోయారు. అంతే... అభిమానులు రెండుగా చీలిపోయారు.

లఖ్‌నవూ కుర్రాడి దర్శకత్వంలో...

‘ఆదిత్య 369’ చూసిన మనవాళ్లకి టైమ్ మెషీన్ గురించి కొత్తగా చెప్పేదేముంది! అయితే సింగీతం శ్రీనివాసరావు ఆ సినిమా తీసిన 1991 నాటికి డాక్టర్ కాలంలో పాతికేళ్లకు పైగా తిరిగేసి, బీబీసీ సీరియల్ ఆపేయడంతో ఇంట్లో కూర్చుని ఉన్నాడు. ఆయన వాహనం పేరు టార్డిస్. చూడ్డానికి ఒకప్పుడు బ్రిటన్ వీధుల్లో ఉండే నీలం రంగు పోలీసు పెట్టె. లోపలికెళితే మహా విశాలం. అందులో ఎక్కి ఏ యుగానికైనా, ఏ గ్రహానికైనా వెళ్లొచ్చు. ఆయన దగ్గర తుపాకీ ఉండదు. ఉన్నదల్లా తెలివీ, వాచాలతా, పక్కన తోడుగా ఒకరిద్దరు భూలోకవాసులూ.

1963 నవంబరు 23న మొదటి ఎపిసోడ్ వచ్చింది. ముందురోజే అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య జరిగింది. లోకమంతా ఆ గొడవలో ఉంటే ఈ పెట్టె కథ ఎవరికి పడుతుంది? అందుకే మరుసటి వారం రెండో ఎపిసోడ్‌కి ముందు మొదటిదాన్ని మళ్లీ వేశారు. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కి అప్పటికి 27 ఏళ్లు. దర్శకుడు ఇంకా చిన్నవాడు, 24. పేరు వారిస్ హుసేన్. పుట్టింది మన లఖ్‌నవూలో. ‘సన్‌లైట్ ఆన్ ఎ బ్రోకెన్ కాలమ్’ నవల రాసిన అతియా హుసేన్ కొడుకాయన. బీబీసీలో ఓ అమ్మాయీ, ఓ భారతీయ కుర్రాడూ కలిసి మొదలుపెట్టిన పిల్లల సీరియల్ మీద తాతలు, మనవలు కొట్టుకుంటారని ఆరోజు ఎవరనుకున్నారు!

నెల తిరక్కుండానే...

‘ఇది మరీ ఎక్కువైంది’ అన్న మాట మొదట అన్నది ప్రేక్షకులు కాదు. ఆ సీరియల్‌కి అంకురార్పణ చేసిన పెద్దాయనే. బీబీసీ నాటక విభాగం అధిపతి సిడ్నీ న్యూమన్‌కి చరిత్ర, సైన్సు చెప్పే కార్యక్రమం కావాలి. గుడ్లు మిటకరించే రాక్షసులు మాత్రం వద్దని ముందే చెప్పేశాడు. ఆ డిసెంబరులోనే డాలెక్‌లు వచ్చాయి. ఉప్పుడబ్బాల్లాంటి లోహపు తొడుగులు, గీరగొంతుతో చంపేస్తామంటూ అరుపులు. న్యూమన్ మండిపడ్డాడు. లాంబర్ట్ గట్టిగా నిలబడింది. డాలెక్‌లే లేకపోతే ఆ సీరియల్ పేరు ఈరోజు ఎవరికీ తెలిసేది కాదేమో.

అక్కడినుంచి ఇదో ఆనవాయితీ అయిపోయింది. 1969లో ‘ద వార్ గేమ్స్’ కథలో డాక్టర్ ఏ జాతివాడో మొదటిసారి పేరుపెట్టి చెప్పారు. టైమ్ లార్డ్స్... కాలానికి కాపలాదారులన్నమాట. ఎవరి జోలికీ పోకుండా చూస్తూ కూర్చునే ఆ బతుకు నచ్చక, ఓ టార్డిస్‌ని దొంగిలించి పారిపోయి వచ్చినవాడు మన డాక్టర్. దేవతల్లాంటి ఆ టైమ్ లార్డ్స్ అంటే అభిమానులకి అదో భక్తి. 1976లో రాబర్ట్ హోమ్స్ అనే రచయిత ‘ద డెడ్లీ అసాసిన్’ కథతో ఆ భక్తిని కాస్తా వదలగొట్టాడు. దేవతలనుకున్నవాళ్లు నిజానికి కుర్చీల కోసం కొట్టుకునే ముసలి రాజకీయ నాయకులని చూపించాడు. పనిలోపనిగా ఓ నియమం కూడా పెట్టాడు. టైమ్ లార్డ్ పన్నెండుసార్లే రూపం మార్చుకోగలడు, పదమూడో జన్మతో సరి.

అప్పుడే పుట్టిన డాక్టర్ హూ అభిమాన సంఘం అధ్యక్షుడు తమ పత్రికలో దీన్ని చీల్చి చెండాడాడు. ఆ పాత మాయ ఏమైపోయిందని వాపోయాడు. అభిమానుల గొడవ ఇలా ఉంటే పెద్దల గొడవ మరొకటి. ఓ ఎపిసోడ్ చివర్లో డాక్టర్ తలని నీళ్లలో ముంచి పట్టుకుంటారు. దృశ్యం అక్కడే ఆగిపోతుంది, మిగతాది వచ్చే వారం. టీవీలో విశృంఖలత్వంపై పోరాడే మేరీ వైట్‌హౌస్ ఊరుకోలేదు. వారమంతా పసిపిల్లల మనసులో ఆ మునిగిన తలే మెదులుతూ ఉండదా అని నిలదీశారు. బీబీసీ క్షమాపణ చెప్పి, టేపులోంచి ఆ ముక్క కత్తిరించింది.

తమాషా ఏమంటే, తర్వాతి తరం అభిమానులకి అదే కథ కళాఖండం అయిపోయింది. ఆ పన్నెండుసార్ల నియమం శిలాశాసనం అయిపోయింది!

దాన్ని పెట్టినవాళ్లకే నియమం మీద అంత పట్టింపు లేదు. అదే 1976 జనవరిలో ‘ద బ్రెయిన్ ఆఫ్ మార్బియస్’ అనే కథలో, తెలిసిన డాక్టర్ల కంటే ముందువన్నట్టుగా ఎనిమిది మొహాలు చూపించారు. ఎవరివో కాదు, వేషాలేసుకున్న సొంత యూనిట్ సభ్యులవే. వాళ్లలో నిర్మాతా, రాబర్ట్ హోమ్స్ కూడా ఉన్నారు. జనవరిలో లెక్క లేదన్నవాళ్లే నవంబరుకల్లా లెక్క కట్టారన్నమాట.

కుర్రాడొచ్చి కడిగేశాడు

1985లో బీబీసీ ఈ సీరియల్‌ని ఏడాదిన్నర పాటు పక్కన పెట్టింది. తిరిగొచ్చాక 1986లో పధ్నాలుగు భాగాల కథ ఒకటి వేసింది. అందులో డాక్టర్ మీద విచారణ జరుగుతుంది. నిజానికి విచారణ సీరియల్ మీదే అని అందరికీ అర్థమైంది. అది పూర్తయ్యాక ఆ డిసెంబరులో ‘ఓపెన్ ఎయిర్’ అనే కార్యక్రమంలో అభిమానుల్ని రచయితల ముందు కూర్చోబెట్టారు. రచయితలు పిప్, జేన్ బేకర్ దంపతులు. అభిమానుల్లో ఓ పదహారేళ్ల కుర్రాడు ఏమాత్రం మొహమాటపడలేదు. మన మాటల్లో చెప్పాలంటే ‘అంతా పాత చింతకాయ పచ్చడే’ అని మొహాన అనేశాడు. పాపం ఆ దంపతులు ఏవో సమాధానాలు చెప్పుకొచ్చారు.

మూడేళ్ల తర్వాత, 1989 డిసెంబరులో, సీరియల్ మూతపడింది. 1996లో ఓ టెలీఫిలిం వచ్చింది. అందులో డాక్టర్ తల్లి మనిషి అనేశారు, హీరోయిన్‌ని ముద్దు కూడా పెట్టించారు. ఆ రెంటికీ గగ్గోలే. 2005 మార్చి 26న రస్సెల్ టి డేవిస్ ఆధ్వర్యంలో మళ్లీ మొదలై, ఈసారి నిలదొక్కుకుంది. డేవిస్ చిన్నప్పటినుంచీ వీరాభిమాని. తర్వాత బాధ్యత తీసుకున్న స్టీవెన్ మఫాట్ అభిమాని. పదో డాక్టర్ డేవిడ్ టెనెంట్ అభిమాని. పన్నెండో డాక్టర్ పీటర్ కపాల్డీ అయితే టీనేజీలో ‘రేడియో టైమ్స్’ పత్రికకు రాసిన ఉత్తరమే అచ్చయింది. అంటే గుడిని భక్తులే నడపడం మొదలైంది. వాళ్లూ నియమాలు సడలించకపోలేదు. పదమూడు జన్మలూ అయిపోవచ్చేసరికి 2013 క్రిస్మస్ నాడు టైమ్ లార్డ్స్ చేత డాక్టర్‌కి కొత్త కోటా ఇప్పించేశారు. మన సెల్‌ఫోన్ రీఛార్జిలాగా!

2018లో పగ్గాలు మరొకరి చేతికి వచ్చాయి. కథనూ నిర్మాణాన్నీ తనే చూసుకునే ఆ పెద్ద తలకాయ క్రిస్ చిబ్నాల్. 1986లో బేకర్ దంపతుల్ని కడిగేసిన కుర్రాడే.

ఆయన చేసిన మొదటి పని డాక్టర్‌ని మహిళని చేయడం. జోడీ విటేకర్ పేరు 2017 జులై 16నే ప్రకటించారు. దానిమీద గొడవలో చాలాభాగం అక్కసే తప్ప వాదం కాదు. మగపిల్లలకి ఆదర్శంగా నిలిచే ఓ పాత్ర పోతోందని అయిదో డాక్టర్ పీటర్ డేవిసన్ బాధపడితే, అదేం మాటని ఆరో డాక్టర్ కోలిన్ బేకర్ కొట్టిపారేశాడు. 2018 అక్టోబరు 7న ఆమె మొదటి ఎపిసోడ్‌ని కోటి మందికి పైగా చూశారు. ఆ నవంబరులోనే దేశవిభజన నాటి పంజాబు కథ ‘డీమన్స్ ఆఫ్ ద పంజాబ్’ వచ్చింది. డాక్టర్ చేతులు కట్టుకుని చూస్తూ నిలబడాల్సిన కథ అది. వీలైతే చూడండి.

పారిపోయినవాడా... దొరికినబిడ్డా?

అసలు బాంబు 2020 మార్చి 1న పేలింది. ఎపిసోడ్ పేరు ‘ద టైమ్‌లెస్ చిల్డ్రన్’. డాక్టర్ టైమ్ లార్డే కాదట. ఎక్కడో మరో లోకపు వాకిట్లో దిక్కులేకుండా దొరికిన పసిబిడ్డట. చనిపోయినా మరో రూపంతో లేచే శక్తి అసలు ఆ బిడ్డదేనట. పెంచిన తల్లే ఆ బిడ్డపై ప్రయోగాలు చేసి, ఆ శక్తిని తన జాతికి ధారపోసిందట. పన్నెండుసార్ల నియమం జాతివాళ్లకే గానీ బిడ్డకి లేదట. ఎన్నో జన్మలెత్తాక జ్ఞాపకాలు చెరిపేశారట. మార్బియస్ కథలో ఎనిమిది మొహాలకీ ఇలా లెక్క కుదిరింది. అంతకు కొన్ని వారాల ముందు జో మార్టిన్ అనే నల్లజాతి నటి, డాక్టర్‌కే గుర్తులేని డాక్టర్‌గా హఠాత్తుగా ఎందుకు కనిపించిందో కూడా తెలిసింది.

‘మొదటి డాక్టర్‌ని మొదటివాడు కాకుండా చేశారు, అరవయ్యేళ్ల కథని అబద్ధం చేశారు’ అన్నది ఒక వర్గం వాదన. ఇందులో పెద్ద పస కనిపించదు. కొత్త మలుపుకి పాత కథ అబద్ధమయ్యేట్టయితే 1969లోనే అయిపోవాలి. నియమం పోయిందన్న ఏడుపూ అంతే. ఆ నియమం పెట్టినందుకే కదా అప్పట్లో తిట్టింది!

కానీ రెండో ఫిర్యాదు ఉంది చూశారూ, దాన్ని కొట్టిపారేయలేం. డాక్టర్‌లోని అందమంతా ఆయన మామూలువాడు కావడంలోనే ఉంది. తన జాతిలో గొప్ప విద్యార్థి కాదు, రాజవంశం కాదు. విసుగెత్తి ఓ పాత పెట్టె దొంగిలించి పారిపోయాడు. దారిలో ఎవరో ఏడుస్తుంటే ఆగాడు. అలా ఆగీ ఆగీ మంచివాడయ్యాడు. అలాంటివాణ్ని పట్టుకుని ‘నువ్వు పుట్టుకతోనే మహాత్ముడివి’ అంటే ఎలా ఉంటుంది? పాత సినిమాల్లో ఒళ్లొంచి కష్టపడి పైకొచ్చిన పేదింటి కుర్రాడు, ఆఖరి రీల్లో పుట్టుమచ్చ బయటపడి జమీందారుగారి వారసుడని తేలినట్టుంటుంది. ఇంటర్వెల్ దాకా మనం చూసిన కష్టానికి విలువేమైనట్టు?

ఇక్కడ ఇంకోవైపూ వినాలి. చిబ్నాల్ తానే పెంపుడు బిడ్డ. ఈ కథ ఆ అనుభవంలోంచే వచ్చిందని తర్వాత చెప్పాడు. నడివయసులో ‘నీ పుట్టుక నువ్వనుకున్నది కాదు’ అని తెలిస్తే మనిషి ఏమవుతాడు? ఇన్నాళ్లూ బతికిన బతుకు తనది కాకుండా పోతుందా? ఆ ఎపిసోడ్‌లో డాక్టర్ ముందున్న ప్రశ్న అదే. పోదు అనే ఆమె జవాబు. దత్తత వెళ్లిన పిల్లలున్న ఇళ్లలో ఇది వారసుడి కథలా వినిపించకపోవచ్చు.

నన్నడిగితే ఆలోచన మంచిదే, చెప్పిన తీరే దెబ్బతీసింది. అంత బరువైన సంగతిని ఎపిసోడ్‌లో చాలాసేపు విలన్ నిలబడి ఉపన్యాసంలా చెబుతాడు, డాక్టర్ వింటుంది. బేకర్ దంపతులు చూసి ఉంటే ఏమనుకునేవారో!

2023లో డేవిస్ మళ్లీ పగ్గాలు పట్టాడు. దత్తత కథని చెరిపేస్తాడని చాలామంది ఆశపడ్డారు. చెరపలేదు సరికదా, ఆ క్రిస్మస్ ఎపిసోడ్‌లో కొత్త డాక్టర్ షూటి గట్వా చేత తాను పెంపుడు బిడ్డననే మాట చాలా మామూలుగా అనిపించాడు. అతని పక్కనున్న అమ్మాయి కూడా చర్చి గుమ్మంలో దొరికిన బిడ్డే. విలన్ ఉపన్యాసం సాధించలేనిది ఆ ఒక్క మాట సాధించింది. ఆ పైన తనే మరో గీత దాటాడు. 2023 డిసెంబరు 9న డాక్టర్ రూపం మార్చుకోలేదు, రెండుగా చీలాడు. పాతాయనా ఉన్నాడు, కొత్తాయనా వచ్చాడు! వెళ్లిపోయేవాళ్ల కోసం కన్నీళ్లు పెట్టుకోవడం కూడా లేకుండా చేశారని కొత్త గొడవ మొదలైంది.

2025 మే 31న గట్వా వంతు అయిపోయింది. వెలుగు కమ్ముకుంది, తగ్గింది. అక్కడ నిలబడి నవ్వుతున్నది 2005లో డాక్టర్‌కి తోడుగా తిరిగిన రోజ్ పాత్రధారిణి బిల్లీ పైపర్! ఆమె డాక్టరా, రోజా, మరెవరైనానా? టైటిల్స్‌లో ఎప్పుడూ వేసే ‘డాక్టర్‌గా’ అన్న మాట ఈసారి వేయలేదు. ‘పరిచయం: బిల్లీ పైపర్’ అని మాత్రం వేసి ఊరుకున్నారు.