దద్దుర్లే కదా అని ఊరుకోవద్దు

చిక్కడపల్లిలో ఒకామెకు జ్వరం వచ్చింది. ఇంట్లో ఉన్న పాత బిళ్ల వేసుకుంది. కాసేపటికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. పెదాలు ఉబ్బాయి.

"వదినా, గొంతు పట్టేస్తుంది. ఊపిరి ఆడతలేదు" అంది.

పక్కింటి వదిన ఆలస్యం చేయలేదు. 108కి ఫోను చేసింది.

కొందరికి కొన్ని పడవు. పల్లీలు, రొయ్యలు, గుడ్డు పడకపోవచ్చు. మందు గానీ, సూది గానీ పడకపోవచ్చు. కందిరీగ కుట్టడం పడకపోవచ్చు. దీన్నే ఎలర్జీ అంటారు.

ఈ గుర్తులు కనబడితే ప్రాణానికే ప్రమాదం:

• నాలుక, గొంతు వాస్తాయి. గొంతు బొంగురు పోతుంది.
• ఆయాసం వస్తుంది. పిల్లికూతలు వస్తాయి.
• కళ్లు తిరుగుతాయి. స్పృహ తప్పుతుంది.

కొందరికి దద్దుర్లు రాకుండానే ఇవన్నీ వస్తాయి.

అప్పుడు ఏం చేయాలి?

మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఆయాసం ఉంటే కూర్చోబెట్టాలి. నడిపించకూడదు. నోట్లో నీళ్లు, మజ్జిగ పోయకూడదు. 108 బండికి డబ్బులు ఇవ్వనక్కరలేదు. అశోక్‌నగర్, చిక్కడపల్లి వాళ్లకు ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రి దగ్గరే. అక్కడ తొడకు ఎడ్రినలిన్ సూది వేస్తారు. ప్రాణం నిలిపేది అదే. దురద బిళ్ల ఒక్కటే చాలదు. తగ్గినట్టు ఉన్నా మళ్లీ రావచ్చు. డాక్టరు పంపేదాకా ఇంటికి రాకూడదు.

నారాయణగూడ ఐ.పి.ఎం.లో గానీ, మరెక్కడైనా గానీ టీకా వేయించుకుంటే అరగంట అక్కడే కూర్చోవాలి. అది ఇందుకే.

ఆమె బతికింది. పడని మందు పేరు డాక్టరు చీటీ మీద రాసిచ్చారు. ఆమె కూడబలుక్కుని చదివింది. ఇప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లినా ముందు ఆ చీటీ చూపిస్తుంది.