అరకులో జంతువుల్ని ఎలా చూడాలి?



మొన్న డిసెంబరులో మా తొమ్మిదో తరగతి వాళ్ళం అరకు విహారయాత్రకు వెళ్ళి వచ్చాం. వచ్చిన దగ్గర్నుంచి అందరూ "ఏటి చూసేరు, ఏటి చూసేరు" అని అడుగుతున్నారు. బొర్రా గుహలు చూశాం. గిరిజన మ్యూజియం చూశాం. కాఫీ తోటలు చూశాం. వాటి గురించి మిగతా వాళ్ళు రాస్తారు. నేను అక్కడి జంతువుల గురించి, పిట్టల గురించి రాస్తున్నాను. మొదటి రోజు మాకు చూడడం తెలీలేదు. రెండో రోజు కొంచెం తెలిసింది. ఆ తేడా మీకు చెప్పాలనే ఈ వ్యాసం.

అరకు ఎక్కడ ఉంది?

అరకు లోయ తూర్పు కనుమల్లో ఉంది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. విశాఖపట్నం నుంచి 115 కిలోమీటర్ల దూరం. 2022 ఏప్రిల్ నుంచి అది అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. చలికాలం మంచు చూడ్డానికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. అక్కడ ఉండేది మనలాంటి గిరిజనులే. వాళ్ళు కాఫీ మొక్కల్ని పెద్ద చెట్ల నీడలో పెంచుతారు. కాఫీకి నీడ కావాలి కాబట్టి చెట్లు కొట్టరు. చెట్లు ఉన్నాయి కాబట్టి పిట్టలు, ఉడుతలు కూడా ఉన్నాయి.

మొదటి రోజు – ఘాట్ రోడ్డులో

శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ఒక మలుపు దగ్గర బస్సు ఆపారు. అప్పటికే అక్కడ కార్లు ఆగి ఉన్నాయి. కోతులు గుంపుగా రోడ్డు మీదికి వచ్చేశాయి. టూరిస్టులు అరటిపళ్ళు, చిప్స్ పొట్లాలు విసురుతున్నారు. ఫోన్లు పట్టుకొని వీడియోలు తీస్తున్నారు. మాకూ సరదా వేసింది. మాలో ఒక అమ్మాయి చేతిలో బన్ను ఉంది. కోతికి చూపించి మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఒక పెద్ద కోతి ఎగిరి బన్ను లాక్కుంది. దాని గోరు గీరుకొని అమ్మాయి చేతికి రక్తం వచ్చింది.

ఆ అమ్మాయి ఏడుస్తుంటే కారు దగ్గర నిలబడిన ఒకాయన నవ్వి, "కొండ మీద పిల్లలు కదా, కోతికి భయపడతారేంటి?" అన్నాడు. మాకు చాలా సిగ్గు వేసింది. కోపం కూడా వచ్చింది. ఎవ్వరం ఏమీ అనలేదు. రాత్రి పడుకున్నాక కూడా నాకు ఆ మాటే గుర్తుకొచ్చింది. మేము కొండ పిల్లలమే. కానీ ఆ రోజు మేం చేసిన పని కొండ వాళ్ళు చేసే పని కాదు. మా తాత ఎప్పుడూ కోతికి చేత్తో తిండి పెట్టలేదు.

కోతి ఎందుకు మీద పడింది?

మా సైన్సు టీచరు గారు బస్సులో మాకు ఇలా వివరించారు.

అడవిలో కోతి పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిండి వెతుక్కుంటుంది. పళ్ళు, చిగుళ్ళు, పురుగులు తింటుంది. దాని బుగ్గల్లో సంచుల్లాంటివి ఉంటాయి. గబగబా తిండి అందులో కూరుకొని, తర్వాత నెమ్మదిగా నములుతుంది. గింజలు ఇక్కడా అక్కడా ఉమ్మేస్తుంది. ఆ గింజల నుంచి కొత్త మొక్కలు వస్తాయి. అంటే కోతి అడవికి విత్తనాలు చల్లే పాలేరు లాంటిది.

రోడ్డు మీద తిండి దొరికితే అది ఇంక అడవిలోకి ఎందుకు పోతుంది? రోడ్డు పక్కనే కూర్చుంటుంది. బళ్ళ కింద పడుతుంది. పొట్లం చప్పుడు అయితే చాలు, తిండి అనుకుంటుంది. మనిషి చెయ్యి కనిపిస్తే లాక్కుంటుంది. తప్పు కోతిది కాదు. దానికి అలా నేర్పింది మనుషులే.

ఇంకో సంగతి. కోతి పళ్ళు బయటపెడితే నవ్వుతోంది అనుకుంటాం. అది నవ్వు కాదు. భయపడినా, బెదిరించినా అలా చేస్తుంది. దాని కళ్ళలోకి సూటిగా చూస్తే పోట్లాటకు పిలిచినట్టు అనుకుంటుంది.

కొండముచ్చు వేరు. దాని మొహం నలుపు, తోక చాలా పొడుగు. అది ఎక్కువగా ఆకులు తింటుంది. ఆకులు అరిగించుకోడానికి దాని కడుపులో వేరే అరలు ఉంటాయి. దానికి బిస్కట్లు పెడితే కడుపు పాడవుతుంది.

కోతి గీరినా, కరిచినా ఏం చెయ్యాలి?

ఇది అందరూ తప్పకుండా చదవండి.

1. వెంటనే సబ్బు పెట్టి, పారే నీళ్ళ కింద 15 నిమిషాలు కడగాలి. మా టీచరు గారు వాచీ చూసి మరీ కడిగించారు.
2. కారం, సున్నం, పసరు పెట్టకూడదు. మన ఊళ్ళలో పెడతారు గాని అది తప్పు.
3. అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. డాక్టరు గారు చెప్పిన తేదీలన్నిటికీ సూదులు వేయించుకోవాలి. ఒకటి వేయించుకొని మానేయకూడదు.
4. చిన్న గీత అని దాచకూడదు. రేబిస్ జబ్బు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. ముందే సూది వేయించుకుంటే రాదు.

ఆ అమ్మాయి సూదులన్నీ వేయించుకుంది. ఇప్పుడు బాగుంది. తన సంగతి రాయమని తనే చెప్పింది.

గుహలో గబ్బిలాలు

బొర్రా గుహల పైకప్పుకి గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతుంటాయి. గబ్బిలం పిట్ట కాదు. అది పిల్లల్ని కని పాలిస్తుంది. పురుగులు తినే గబ్బిలం చీకట్లో మనకు వినపడని చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు గోడకో పురుగుకో తగిలి తిరిగి వస్తే విని, ఎక్కడ ఏముందో తెలుసుకుంటుంది. రాత్రంతా దోమల్ని, పురుగుల్ని తిని పగలు నిద్రపోతుంది. మేము "ఓయ్" అని అరిచి, మా గొంతు మళ్ళీ వినపడితే నవ్వుకున్నాం. టీచరు గారు అన్నారు, "మీరు రాత్రి డార్మిటరీలో నిద్రపోతుంటే ఎవరైనా వచ్చి అలా అరిస్తే ఎలా ఉంటుంది?" అప్పుడు ఊరుకున్నాం.

రెండో రోజు – కాఫీ తోటలో

రాత్రి అరకులో బస చేశాం. తెల్లవారి 5 గంటలకు టీచరు గారు లేపి, "పిట్టల్ని చూడ్డానికి ఎవరు వస్తారు?" అన్నారు. చలికి వణుకుతూ పది మందిమి లేచాం. కాఫీ తోట పక్క దారిలో నడిచాం. అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. ఏమీ కనిపించలేదు.

అప్పుడు నాకు మా తాత మాట గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు కొండకి తీసుకెళ్ళేటప్పుడు చెప్పేవాడు. "ఒలే గుంటా, అడివిలో ముందు చెవి నడవాల. ఎనక కన్ను. ఆకర్న కాలు." నేను భయపడుతూనే టీచరు గారితో అన్నాను, "మేడమ్, నడవద్దు, ఒక దగ్గర కూర్చుందాం." ఎక్కడ కూర్చోవాలో కూడా చెప్పాను. దారి పక్కన ఒక మేడి చెట్టు ఉంది. దాని కింద సగం కొరికిన పళ్ళు పడి ఉన్నాయి. కొరికిన చోట ఇంకా తడిగా ఉంది. అంటే తినేది ఇప్పుడే తిని పోయింది, మళ్ళీ వస్తుంది.

అరగంట కూర్చున్నాం. మొదట అడవి కోడి కూత వినిపించింది. మన ఇళ్ళల్లో కోడికి పూర్వీకులు ఇవేనట. తర్వాత కొండ గోరింకలు జంటగా వచ్చాయి. నల్లగా నిగనిగలాడుతూ ఉంటాయి. ముక్కు నారింజ రంగు. తల వెనక పసుపు రంగు తోలు చెవి కమ్మలాగా వేలాడుతుంది. ఇది రకరకాల చప్పుళ్ళను అనుకరిస్తుంది. అందుకే జనం పట్టి పంజరంలో పెట్టేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. రామచిలుక కూడా అంతే.

ఆ తర్వాత కొమ్మ కదిలింది. బెట్టుడుత! మామూలు ఉడుత కాదు, పిల్లి అంత ఉంటుంది. వీపు ముదురు ఎరుపు, తోక ఒంటి కంటే పొడుగు. వెనక కాళ్ళతో కొమ్మ పట్టుకొని, ముందు చేతులతో పండు తిప్పుకుంటూ తింది. ఇది నేల మీదికి చాలా అరుదుగా దిగుతుంది. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి గెంతుతూనే బతుకుతుంది. పైకొమ్మల్లో పుల్లలు, ఆకులతో గూడు కట్టుకుంటుంది. మధ్యలో చెట్లు కొట్టేస్తే దానికి దారి తెగిపోయినట్టే.

ఇంతలో మాలో ఒకరు దగ్గారు. ఉడుత వెంటనే కొమ్మకి అతుక్కుపోయి కదలకుండా ఉండిపోయింది. ఎక్కడుందో కూడా తెలీలేదు. మేమూ కదల్లేదు. చాలాసేపటికి మళ్ళీ తినడం మొదలుపెట్టింది. ముందు రోజు తిండి విసిరి కోతిని చూశాం. ఈ రోజు ఏమీ ఇవ్వకుండా ఉడుతను చూశాం. ఇదే నాకు ఎక్కువ ఇష్టమైంది.

తిరిగి వచ్చేటప్పుడు "ఇది నీకు ఎవరు నేర్పారు?" అని టీచరు గారు అడిగారు. "మా తాత మేడమ్, చదువుకోలేదు, వేలిముద్రే" అన్నాను. ఒకప్పుడు వేటకి వెళ్ళేవాడని మాత్రం చెప్పలేదు. ఇప్పుడు మానేశాడు. అప్పుడు టీచరు గారు కలివికోడి కథ చెప్పారు.

మీకు తెలుసా?

కలివికోడి అనే పిట్ట కడప వైపు పొదల అడవుల్లో ఉంటుంది. రాత్రిపూట తిరుగుతుంది. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదని, అంతరించిపోయిందని శాస్త్రజ్ఞులు పుస్తకాల్లో రాసేశారు. 1986లో అది మళ్ళీ దొరికింది. ఎలా దొరికింది? పరిశోధకులు వెళ్ళి అక్కడి ఊళ్ళ వాళ్ళని, పిట్టలు పట్టేవాళ్ళని అడిగారు. వాళ్ళకి ఆ పిట్ట తెలుసు. వాళ్ళే పట్టి చూపించారు. పుస్తకంలో లేదన్న పిట్ట వాళ్ళ కంటికి ఉంది.

ఈ కథ విన్నాక ఇంటికి ఉత్తరం రాసి, తాతకి చదివి వినిపించమని తమ్ముడికి చెప్పాను.

జంతువుల్ని చూడాలంటే

1. తెల్లవారుజామున గాని, సాయంత్రం గాని వెళ్ళాలి. ఎండలో అన్నీ నీడకి పోతాయి.
2. పళ్ళ చెట్టు, నీళ్ళ ఒడ్డు దగ్గర దూరంగా కూర్చోవాలి. నడిచేవాడికి కంటే కూర్చున్నవాడికి ఎక్కువ కనిపిస్తాయి.
3. ఆకుపచ్చ, మట్టి రంగు బట్టలు మంచివి. పౌడరు, సెంటు వద్దు.
4. జాడలు చూడాలి. అడుగులు, ఈకలు, పెంటికలు, కొరికిన కాయలు కూడా జంతువు చెప్పే మాటలే.
5. పిట్టలన్నీ ఒక్కసారి గోల చేస్తే ఆగాలి. పామో, పిల్లో, డేగో ఉందని అవి చెప్తున్నాయి.
6. తిండి పెట్టకూడదు, రాయి విసరకూడదు, గూడు ముట్టుకోకూడదు.
7. ఏనుగు, ఎలుగుబంటి లాంటివి ఉన్న చోటికి చూడ్డానికి అసలు పోకూడదు. మన పార్వతీపురం వైపు కొన్నేళ్ళుగా ఏనుగులు తిరుగుతున్నాయి. ఫోటో కోసం వాటి వెనక పడొద్దు.

మన హాస్టలు సంగతి

ఇప్పుడు అసలు మాట చెప్తాను. కోపం తెచ్చుకోకండి. మన హాస్టల్లో కోతులు ఎందుకు ఎక్కువయ్యాయి? మిగిలిన అన్నం మనమే వంటగది వెనక పారేస్తున్నాం. కిటికీలోంచి బిస్కట్లు పెడుతున్నాం. ఘాట్ రోడ్డులో టూరిస్టులు చేసిందే మనం ఇక్కడ చేస్తున్నాం. మళ్ళీ తీగ మీద బట్టలు చింపాయని, మూడో తరగతి పిల్లల చేతిలో పళ్ళేలు లాక్కున్నాయని కోతుల్ని కర్రతో కొడుతున్నాం. అరకులో అమ్మాయికి జరిగింది రేపు చిన్న పిల్లలకి జరగొచ్చు.

వార్డెన్ మేడమ్ గారికి నా మనవి. వంటగది వెనక మూత ఉన్న గుంట ఒకటి తవ్విస్తే, తొమ్మిది, పది తరగతుల వాళ్ళం వంతులు వేసుకొని మిగిలిన అన్నం అందులో వేసి మూత పెడతాం. వరండాలో ఎవ్వరం తినం. కొన్నాళ్ళకి కోతులు వాటంతట అవే కొండకి పోతాయని నా నమ్మకం.

ఇంకొకటి. ఈ గోడ పత్రిక పక్కన మేకుకి ఒక నోటు పుస్తకం వేలాడదీశాను. మీరు ఏ పిట్టను, ఏ జంతువును చూసినా తేదీ, టైము, అది ఏం చేస్తోందో రాయండి. దాన్ని మీ ఊళ్ళో, మీ భాషలో ఏమంటారో కూడా రాయండి. సవర, కువి, ఏదైనా తెలుగు అక్షరాల్లో రాయొచ్చు. సిగ్గుపడొద్దు. మొదటి పేజీలో నేను బెట్టుడుత గురించి రాశాను. రెండో పేజీ ఖాళీగా ఉంది.

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని