ఆటకు కార్డు, సినిమాకు తెర

సినిమా అయినా కంప్యూటర్ ఆట అయినా తెర మీద నడిచేవి వరుస బొమ్మలే. వాటి వెనక జరిగే పని మాత్రం ఒకటి కాదు. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు ఎప్పుడో తయారైపోయి ఫైలులో ఉంటాయి. కంప్యూటర్ వాటిని విప్పి వరసగా చూపిస్తే సరిపోతుంది. ఆటలో తర్వాతి ఫ్రేము ఎలా ఉండాలో ఆడేవాడు మౌస్ కదిపేదాకా తేలదు. వీడియో ముందే వండి క్యారియర్‌లో పెట్టిన భోజనమైతే, ఆటలో విస్తరి ముందు కూర్చున్నాకే పొయ్యి వెలుగుతుంది. కొనుగోలుదారు అయోమయంలో సగం ఈ తేడా తెలియకపోవడం వల్ల వచ్చేదే. ఆటకు ప్రధానంగా గ్రాఫిక్స్ కార్డు బలం కావాలి, సినిమాకు తెర నాణ్యత కావాలి.

విడి గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు ఆఫీసు కంప్యూటర్ కూడా 4కే సినిమాను తడబడకుండా ఆడించగలదు. అదే యంత్రం కాస్త పెద్ద ఆట తెరిస్తే చతికిలబడుతుంది. వీడియో విప్పడానికి చిప్‌లో ప్రత్యేకంగా ఒక చిన్న విభాగం ఉండటమే ఇందుకు కారణం. ఇంటెల్ 2011లో తన ప్రాసెసర్లలో క్విక్ సింక్ పేరుతో ఇలాంటిదే పెట్టింది. ఆ విభాగానికి వీడియోను కుదించిన పద్ధతి తెలిసి ఉండాలి, అంతే. హెచ్.264 పద్ధతి 2003లో, హెచ్‌ఈవీసీ 2013లో, ఏవీ1 2018లో వచ్చాయి. ఏవీ1ను విప్పే విభాగం ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30 వరుస కార్డులతో 2020లో వచ్చింది. ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్లలోనూ ఉంది. అంతకంటే పాత యంత్రంలో ఏవీ1 వీడియో పెడితే ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఫ్యాను హోరెత్తుతుంది, ఫ్రేములు జారిపోతాయి. వీడియో వరకు హార్డ్‌వేర్ గురించి పట్టించుకోవలసింది దాదాపు ఇంతే.

ఇక తెరలు. ఇప్పటి మానిటర్లలో ఎక్కువ భాగం ఎల్‌సీడీలే. వెనక ఎప్పుడూ వెలుగుతూ ఉండే బ్యాక్‌లైట్, ముందు ఆ కాంతిని ఆపుతూ వదులుతూ ఉండే ద్రవ స్ఫటికాల పొర, ఇదీ వాటి నిర్మాణం. స్ఫటికాలను తిప్పే తీరును బట్టి మూడు రకాలు. టీఎన్ చవకైనది, వేగమైనది. కానీ పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. జపాన్‌కు చెందిన హిటాచీ 1996లో మార్కెట్లోకి తెచ్చిన ఐపీఎస్‌లో ఏ కోణం నుంచి చూసినా రంగు నిలుస్తుంది. దాని బలహీనత నలుపు. తెరలోని తెలుపు నలుపు కంటే సుమారు 1000 రెట్లు మాత్రమే ప్రకాశవంతం కాబట్టి చీకటి గదిలో నలుపు బూడిద రంగులో కనిపిస్తుంది. వీఏ రకంలో ఈ నిష్పత్తి 3000 దాటుతుంది. రాత్రి సన్నివేశాలు దానిమీద నిండుగా ఉంటాయి. అయితే చీకటి రంగుల మధ్య స్ఫటికాలు నెమ్మదిగా కదలడం వల్ల ఆటలో వేగంగా పరిగెత్తే నీడల వెనక నల్లటి చార పడుతుంది.

ఓఎల్ఈడీలో బ్యాక్‌లైటే లేదు. విద్యుత్తు ఇస్తే తమంతట తామే వెలిగే సేంద్రియ పొరల మీద ఈస్ట్‌మన్ కొడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చేసిన కృషి 1987లో వెలువడింది. ప్రతి పిక్సెల్ విడిగా వెలుగుతుంది, విడిగా ఆరిపోతుంది. ఆరిన పిక్సెల్ అంటే నిజమైన నలుపు. రంగు మారడానికి పట్టే సమయం కూడా మిల్లీసెకనులో చిన్న భాగమే. చీకటి గదిలో సినిమా చూడటానికి ప్రస్తుతం దీనికి సాటి లేదు. లోపాలూ ఉన్నాయి. కదలకుండా గంటల తరబడి ఒకేచోట ఉండే టాస్క్‌బార్, న్యూస్ ఛానల్ లోగో వంటివి ఏళ్లు గడిచేకొద్దీ తెర మీద ముద్ర వేయగలవు. రోజంతా ఎక్సెల్ పట్టికలతో పనిచేసేవారికి ఐపీఎస్ తెరే క్షేమం. మధ్యేమార్గం మినీ ఎల్ఈడీ. ఎల్‌సీడీ వెనక వందల, వేల చిన్న దీపాలను జోన్లుగా పేర్చి, చీకటి ఉన్నచోట వాటిని తగ్గిస్తారు. వెలుగు బాగా వస్తుంది గానీ, నల్లటి ఆకాశంలో నక్షత్రం చుట్టూ మసక వలయం కనిపిస్తుంది.

మానిటర్ పెట్టె మీద రంగు మారే సమయం '1 మిల్లీసెకను' అని ముద్రించిన అంకెను అక్షరాలా నమ్మనక్కర్లేదు. ఎల్‌సీడీ మానిటర్లలో అది సాధారణంగా స్ఫటికాలను బలవంతంగా వేగంగా తిప్పే ఓవర్‌డ్రైవ్‌ను గరిష్ఠానికి పెంచి కొలిచినది. ఆ స్థాయిలో వాడితే వస్తువుల వెనక వెలుగు అంచులు తేలుతాయి.

కదలిక స్పష్టతకు అంతకంటే ముఖ్యమైనది రిఫ్రెష్ రేటు, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందన్నది. 60 హెర్ట్జ్ తెర ఒక్కో ఫ్రేమును 16.7 మిల్లీసెకన్లు కదలకుండా నిలబెడుతుంది. ఆ లోపు కన్ను మాత్రం వస్తువు వెంట కదిలిపోతూ ఉంటుంది. సెకనుకు 960 పిక్సెళ్లు జరిగే వస్తువు 60 హెర్ట్జ్ దగ్గర 16 పిక్సెళ్ల మేర అలుక్కుపోతుంది. 120 దగ్గర 8, 240 దగ్గర 4. స్ఫటికాల వేగంతో సంబంధం లేకుండా ఓఎల్ఈడీలోనూ ఈ అలుకు ఉంటుంది. పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్లలో ఫాస్ఫర్ చుక్క ఒక్క మెరుపు మెరిసి ఆరిపోయేది కాబట్టి ఈ బాధ ఉండేది కాదు. వాటిని ఇప్పటికీ దాచుకున్న ఆటగాళ్లది ఉత్త మమకారమే కాదు.

సినిమాకు వేరే లెక్క. 24 ఫ్రేములు 60లోకి సమంగా ఇమడవు. ఒక ఫ్రేమును రెండుసార్లు, తర్వాతిదాన్ని మూడుసార్లు చూపించాలి. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగే దృశ్యాల్లో కనిపించే కుదుపు ఇందులోంచి వచ్చేదే. 120 హెర్ట్జ్ తెర మీద ప్రతి ఫ్రేమూ సరిగ్గా ఐదుసార్లు వస్తుంది. ఆటలు ఆడనివారికి కూడా 120 హెర్ట్జ్ ఉపయోగపడటానికి ఇదొక కారణం.

రిఫ్రెష్ రేటు పెంచుకున్నంత మాత్రాన అన్ని ఫ్రేములు తయారవ్వవు. కార్డు మోయాల్సిన బరువు ఇక్కడే మొదలవుతుంది. 1080పీ తెరలో పిక్సెళ్లు సుమారు 20.7 లక్షలు, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. అంటే 4కేలో ఆడితే కార్డు ప్రతి ఫ్రేముకూ 1080పీ కంటే నాలుగు రెట్ల పిక్సెళ్లకు రంగు లెక్కకట్టాలి. శత్రువుల కదలిక, బంతి ఎగిరే తీరు వంటివి చూసే ప్రాసెసర్ పని మాత్రం పెద్దగా మారదు. లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి ఇదే ఉపాయం. రిజల్యూషన్ తగ్గించినప్పుడు ఫ్రేములు పెరిగితే కార్డు చాలడం లేదని, పెరగకపోతే ప్రాసెసర్ అడ్డుపడుతోందని అర్థం.

తక్కువ పిక్సెళ్లతో గీసి పెద్దది చేసే పద్ధతులు ఈ బరువును కొంత దించాయి. ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ 2018లో, ఏఎండీ ఎఫ్ఎస్ఆర్ 2021లో వచ్చాయి. రెండు ఫ్రేముల నడుమ కల్పిత ఫ్రేమును చొప్పించే పద్ధతిని డీఎల్ఎస్ఎస్ 3 తో 2022లో తెచ్చారు. దీనితో చూపుకు నునుపు పెరుగుతుంది, కానీ మౌస్ నొక్కిన తర్వాత తెర స్పందించే సమయం తగ్గదు. ప్రకటనల్లోని ఫ్రేముల సంఖ్యను చూసేటప్పుడు ఈ తేడా మరవకూడదు.

కార్డు తయారుచేసే వేగమూ తెర మారే వేగమూ కలవకపోతే బొమ్మ అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది. ఎన్విడియా 2013లో ప్రకటించిన జీ-సింక్, ఆ తర్వాత వచ్చిన ఏఎండీ ఫ్రీసింక్ ఫ్రేము సిద్ధమైనప్పుడే తెర మారేలా చేశాయి. మొదట్లో జీ-సింక్ మానిటర్లో ఖరీదైన ప్రత్యేక చిప్ ఉండేది. 2019 నుంచి ఎన్విడియా కార్డులు ఆ చిప్ లేని మామూలు అడాప్టివ్-సింక్ మానిటర్లతోనూ ఇలా పనిచేస్తున్నాయి. ఆటకోసం కొనే తెరలో ఈ సౌకర్యం తప్పక ఉండాలి.

వెలుగు నీడల తేడాను మరింత విస్తృతంగా చూపే హెచ్‌డీఆర్ పేరు విషయంలో జాగ్రత్త అవసరం. డిస్‌ప్లేహెచ్‌డీఆర్ 400 ముద్రకు గరిష్ఠ వెలుగు 400 నిట్లు ఉంటే చాలు. తెరలో భాగాల వారీగా వెలుగు తగ్గించే ఏర్పాటు ఉండాలన్న నిబంధన లేదు. అలాంటి తెర మీద హెచ్‌డీఆర్ సినిమా ఒక్కోసారి మామూలు సినిమా కంటే వెలవెలబోతుంది. ఓఎల్ఈడీగానీ, జోన్లు బాగా ఉన్న మినీ ఎల్ఈడీగానీ అయితేనే హెచ్‌డీఆర్‌కు డబ్బు పెట్టవచ్చు.

ల్యాప్‌టాప్‌లో కార్డు పేరు ఒక్కటే చూస్తే మోసపోవచ్చు. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్ 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా వేర్వేరు స్థాయుల్లో దొరుకుతుంది. పేరు ఒకటే, సత్తా వేరు. దానికి తోడు చిప్ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. గది వేడి 40 డిగ్రీలకు చేరే మన వేసవిలో పలుచని ల్యాప్‌టాప్ జనవరిలో ఆడినట్టు మేలో ఆడదు.

ఎక్కువ భాగం ఆటలకే వాడేవారికి 1440పీ, 144 హెర్ట్జ్ పైన ఐపీఎస్ తెర, మిగిలిన డబ్బుతో వీలైనంత బలమైన కార్డు మంచి ఎంపిక. సినిమాలే ప్రధానమైతే కార్డు మీద ఖర్చు మాని ఓఎల్ఈడీ తెర తీసుకోవడం మేలు. ఏది కొన్నా, విడి గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ మదర్‌బోర్డుకు కాక ఆ కార్డుకే తగిలించారో లేదో చూసుకోవాలి. 4కే 120 హెర్ట్జ్‌ను నిండు రంగుతో పంపడానికి పాత హెచ్‌డీఎంఐ 2.0 చాలదు, 2.1 కావాలి. విండోస్ చాలాసార్లు కొత్త మానిటర్‌ను 60 హెర్ట్జ్ దగ్గరే వదిలేస్తుంది కాబట్టి డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి రిఫ్రెష్ రేటును చేత్తో మార్చుకోవాలి.